తొలిపంట బుట్ట

ఖాళీ కడవ చంకన పెట్టుకుని, గుంత ఒడ్డున నిలబడి సుంకులమ్మ ఆ మధ్యాహ్నం చూసిన తగాదా లాంటిది ఆ పాళెంలో అంతకు ముందు ఎన్నడూ జరగలేదు. పాళెం మగవాళ్ళకు తగాదాల్లో గెలిచే అలవాటు లేదు. బయట ఓడిపోయి, ఇంటికొచ్చి పెండ్లాల మీద గెలిచేవాళ్ళు.

బేతంచెర్ల రైలుస్టేషనుకు కోసు దూరంలో, నాపబండల గనుల నడుమ ఉంది ఆ పాళెం. ఆ ఏడూ, అంతకు ముందేడూ వాన ముఖం చాటేసింది. బావుల్లో బురద కూడా ఎండి పెచ్చులు లేచింది. మిగిలింది ఒక్క గుంత. బండంతా తీసుకుని వదిలేసిన పాత గని అది. దాని అడుగున రాతిపొరల మధ్య పచ్చగా నిలిచిన నీళ్ళు. పాళెంవాళ్ళు తాగేది ఆ నీళ్ళే, బాప్తిస్మం పొందిందీ ఆ నీళ్ళలోనే. ఆ పొద్దు కంట్రాక్టరు బొజ్జన్న బండ్లనిండా తుమ్మకంప తోలించుకొచ్చి గుంత చుట్టూ వేయిస్తున్నాడు.

"ఇది నా గుత్తలో గని. ఈ నీళ్ళు నా ఎద్దులకు. మీరు కడవలు ముంచితే ఎద్దులు గూడా ముట్టవు," అన్నాడు.

మగవాళ్ళు నేల చూస్తున్నారు. ఆడవాళ్ళు మగవాళ్ళను చూస్తున్నారు. అప్పుడొచ్చాడు సుందరం అయ్యగారు. ఆ పాళెం చర్చికి పాస్టరు. గుడిలోంచి లేచి వచ్చినవాడు వచ్చినట్టే, తెల్లటి నిలువుటంగీ కూడా విప్పకుండా, కంప మీదుగా కాళ్ళెత్తి వేసుకుంటూ వచ్చాడు. ఆయన తండ్రి అదే గనిలో గడారు పట్టి బండలు లేపినవాడు. కొడుకు మిషన్ బడిలో చదివి, దైవపాఠాలు నేర్చి, అయ్యగారైనాడు. అయినా ఆయన చేతులు మాత్రం బండకొట్టేవాడి చేతులే.

"బొజ్జన్నా, ఈ గుంత ఎవురిది?"

"నీకు తెలుగు రాదా పాదిరీ? నాదని చెప్తాండా గదా."

"నువ్వు గుత్తకు పట్టింది బండను. ఆ బండ రైలెక్కి మద్రాసుకు పాయ. ఈడ మిగిలింది ఖాళీ. ఆ ఖాళీని యాడ కొన్న్యావప్పా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. బొజ్జన్న మెడ ఎర్రబడింది. "వాక్యం చెప్పేది గుడిలో పెట్టుకో. గుత్త కాగితంలో ఈ నేలంతా నాదే."

"సరే, నీదే అనుకుందాం. అదే కాగితంలో ఇంగో మాట ఉండాది. బండ తీసినాక గుంత పూడ్చి, నేల సదును జేసి ఇయ్యాలని. ఉందా, ల్యాదా?"

బొజ్జన్న కంపబండ్లకేసి చూశాడు.

"గుంత నీదైతే పూడ్చు. ఇప్పుడే పూడ్చు. మేం గొంతెండి చస్తాం గాని నిన్ను ఒక్క మాట అనం. పూడ్చనంటావా, అట్లయితే నీది గాదు. తవ్వినోళ్ళది. మా నాయన నడుము ఇరిగింది ఆ మూలనే."

ఆ గుంత పూడ్చాలంటే బొజ్జన్న బండ్లన్నీ వానాకాలం దాకా మట్టి తోలినా చాలదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, ఆయన ఎద్దులకూ తెలుసు. గుంతకేసి చూశాడు, జనంకేసి చూశాడు, తుపుక్కున ఉమ్మాడు.

"తాగి చావండి! ఈ ఎండాకాలానికి. ఇడిసిపెట్టిన గుంత తవ్వినోళ్ళదని యా చట్టంలో రాసిందో తెచ్చి సూపించు పాదిరీ. ల్యాకపోతే ఇదే కంప మళ్ళీ తెస్తా."

కంప తీయించుకుని పోయాడు. అందరికన్నా ముందు కడవ ముంచింది సుంకులమ్మే. ముంచుతూ, బొజ్జన్న బండి వినపడేంత దూరంలో ఉండగానే, "తియ్యగుండాయిమే, కంట్రాక్టరు వాసన ల్యాకుండా!" అంది.

సుంకులమ్మ ఆ చర్చిని ఊడ్చే మనిషి. మొగుడు పోయినాక గుడి వాకిలే ఆమెకు ఇల్లయింది. బాప్తిస్మమప్పుడు అందరూ మరియమ్మలూ మార్తమ్మలూ అయ్యారు. ఈమె మాత్రం, "నన్ను గుర్తుపట్టను దేవునికి కొత్త పేరు కావల్నా? అంత మతిమరుపోడైతే నాకొద్దు," అని గ్రామదేవత పేరే ఉంచుకుంది. అప్పుడు నీళ్ళలో నిలబడి ఉన్న సుందరం పగలబడి నవ్వి, ఆ పేరుతోనే ముంచి లేపాడు. ఆనాటి నుంచి ఆయనకు ఆమె సుంకులత్త.

ఆ చర్చి గోడల్లో ప్రతి బండా ఒక్కొక్కరి తొలి బండ. కొత్తగా గనిలోకి దిగినవాడు తాను లేపిన మొదటి బండ గుడికి ఇవ్వాలి. అది సుందరం పెట్టిన కట్టడి. బండే కాదు, తొలి కోతలో సేరు జొన్నలు, పెట్ట పెట్టిన తొలి గుడ్డు, దడికి పాకించిన పాదులో తొలి సొరకాయ, ఏదైనా సరే, తొలిది ఇంట్లో వండరు. గుడిలో బల్ల మీది వెదురుబుట్టలో పెట్టి, కండ్లు మూసుకుని, ఇంటికి పోతారు. కరువులో ఆ బుట్టే ముసలివాళ్ళకు గంజి అయ్యేది. ఏ ఇంటామైనా తొలి కాకరకాయ నోట్లో వేసుకున్నదంటే ఏడాది పొడుగునా మాటలు పడేది.

తగాదా గెలిచాక సుందరం చట్టం వెతుక్కుంటూ పోయాడు. తాసిల్దారు పాపం మంచివాడే. "గనుల చట్టం ఢిల్లీలో పుడుతుందయ్యా. మన దాకా వచ్చేసరికి దానికి పండ్లూడిపోయి ఉంటాయి. ఇడిచిన గుంత ఎవరిదని అందులో ఒక్క ముక్క లేదు. రాయించాలంటే అక్కడికే పోవాలి," అన్నాడు. మాటవరసకు అన్న మాట అది. సుందరం దాన్ని మూటగట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాడు.

దేశానికి కొత్తగా ఓట్లొస్తున్న కాలం. పార్లమెంటుకు నిలబడతానని ఆయన అనగానే సంఘపెద్ద దాసన్న పండ్లు కుట్టుకుంటున్న చీపురుపుల్ల పండ్లలోనే ఆగిపోయింది. సుంకులమ్మ మాత్రం ఆగలేదు.

"ఒక్క నీళ్ళగుంతకు ఢిల్లీదాంక పోవల్నా? కర్నూలులో కలెక్టరు సచ్చినాడా?"

"ఒక్క గుంత గాదత్తా. కమలాపురం కాడ్నుంచి ఈడిదాంక ఇడిసిన గనులు ఎన్నుండాయో నువ్వు సూడల్యా. ప్రతి గుంతకాడా ఒక పాళెం ఉండాది, ఒక బొజ్జన్న ఉండాడు."

అణగారిన కులాలకని వేరే సీట్లున్నాయి గానీ, మెడలో సిలువ ఉన్నవాడు ఆ లెక్కలోకి రాడన్నారు. కాగితంలో పాతకులం, పాతపేరు రాసిస్తే చూద్దామని ఒక పెద్దమనిషి మెల్లిగా చెవిలో వేశాడు. "పేరు మార్చుకోనోళ్ళల్లో మా పాళెంలో ఒకామె ఉందయ్యా. నేను రెండోవాణ్ణి," అని సుందరం నవ్వి లేచి వచ్చాడు. ఎవరి జెండా లేకుండా, పెద్దకులాల వాళ్ళంతా నిలబడే సీటులోనే నామినేషన్ వేశాడు. గుర్తు నిచ్చెన ఇచ్చారు. బొజ్జన్న ఊరుకుంటాడా? తన బామ్మర్దిని గుర్రం గుర్తు మీద దించాడు.

అప్పుడు మిషన్ వాళ్ళు కర్నూలుకు పిలిపించారు. గట్టిగా ఏమీ అనలేదు. అంగీ అన్నా ఉంచుకో, ఓటన్నా ఉంచుకో, రెండూ ఒక వొంటి మీద కుదరవు అన్నారు. ఆయన అక్కడే అంగీ విప్పి, మడిచి, బల్ల మీద పెట్టి వచ్చాడు. పదిహేనేండ్ల అయ్యగారితనం మడిస్తే మూరెడు లేదు. అంగీతో పాటు మిషన్ ఇల్లూ పోయింది. ఆయన భార్య విశ్వాసమ్మ కమలాపురం ఆడపడుచు, టీచరమ్మగా చేసినామె, గట్టిగా మాట్లాడితే గాలి నొచ్చుకుంటుందేమో అన్నట్టుండేది. ట్రంకుపెట్టె పట్టుకుని సుంకులమ్మ గుడిసె ముందు నిలబడి ఒక్కటే అడిగింది.

"ఓడిపోతే, అత్తా?"

"ఓడిపోతే నా గుడిసె యాడికీ పోదులే. ఆ పెట్టె లోపల పెట్టు. తల వంచుకోని రా, దూలం తగులుతాది."

అన్నది గానీ ఆ మాట సుంకులమ్మను వదల్లేదు. గెలిస్తే చట్టం, చట్టం ఉంటే గుంత. ఓడితే కంప. అంగీ వేసుకున్న సుందరాన్ని చూసి బొజ్జన్న వెనక్కి తగ్గాడంటే ఆ అంగీ వెనక మిషన్ ఉంది, తెల్లదొర ఉన్నాడు. ఇప్పుడు వెనక ఎవరున్నారు? మూడు గుక్కలు కల్లు తాగి ఎండలో వెల్లకిలా పడే దాసన్న ఉన్నాడు.

అందుకే ఆమె తనకు చేతనైన పని చేసింది. ఓటరు పేర్లు రాసుకోవడానికి వచ్చిన గుమాస్తా ఆడవాళ్ళ దగ్గర "ఫలానావాని భార్య" అని రాసుకుపోతుంటే దారికడ్డం కూర్చుంది. "నా మొగుడు సచ్చి పదేండ్లాయ. ఓటు వాడొచ్చి ఏస్తాడా? నా పేరు రాయప్పా. దీని పేరు రాయి. దానిది రాయి. పేరు ల్యాకుండా పుట్టినామా మేము?" మొగుడి ముందర పేరు చెప్పడానికి సిగ్గుపడి మెలికలు తిరుగుతున్న కోడళ్ళను జబ్బ పట్టుకుని లాక్కొచ్చి చెప్పించింది. అట్లా ఆ పాళెంలో మగవాళ్ళకన్నా ఆడవాళ్ళ ఓట్లే ఎక్కువ లేచాయి. చుట్టుపక్కల ఏ ఊరిలోనూ లేని వింత అది. "సగం సీటు నువ్వే గెలిపించినావు గదత్తా!" అన్నాడు సుందరం. అవును మరి, అనుకుంది ఆమె. లోపల్లోపల కాదు, పైకే.

అంగీ విప్పినా, కొత్త అయ్యగారు వచ్చేలోగా ఒక్క ఆదివారం చివరి మాటలు చెప్పడానికి మిషన్ వాళ్ళు ఒప్పుకున్నారు. నాపబండల గుడి కిక్కిరిసిపోయింది. పక్క పాళేల నుంచీ బోధకులు వచ్చి కూర్చున్నారు. సుందరం బల్ల ముందు మామూలు చొక్కాతో నిలబడ్డాడు.

"కొన్నాళ్ళకు మీ చేతికొక కాగితం వస్తాది. మీ నాయనకు రాల్యా, మీ తాతకు రాల్యా. మీ బతుకులో ఇది తొలి ఓటు. తొలిది దేన్నైనా ఎంత శుద్ధంగా చూసుకుంటారో దీన్నీ అట్లే చూసుకోండి. ఎవురికెయ్యాలనేది ఈ బల్లకాడ నిలబడి నేను చెప్పగూడదు. అది మీకూ దేవునికీ నడుమ మాట."

దాసన్న గొణిగాడు, "నిచ్చెనకెయ్యండని ఒక్క ముక్క అంటే నోరు పోతాదా ఈయనకి?" అని. సుంకులమ్మకూ అదే అనిపించింది. కానీ ఆడవాళ్ళ వైపు చూస్తే, అందరూ కొంగు తలమీదికి లాక్కుని, ఎంత శ్రద్ధగా విన్నారంటే, ఇక చెప్పేదేముంది అనుకుంది.

ఓట్లరోజు పొద్దు పొడవకముందే రైలుస్టేషను పక్కన బడి ముందు వరస కట్టారు. అందరికన్నా ముందు సుంకులమ్మ. లోపల ఒకాయన ఎడమచేతి వేలికి సిరా పెట్టాడు, ఇంకొకాయన రూపాయి నోటంత గులాబీరంగు కాగితం చేతికిచ్చాడు. తెర వెనక్కి పోతే వరసగా ఇనుప పెట్టెలు, ఒక్కోదాని మీద ఒక్కో బొమ్మ. గుర్రాన్ని చూసి పండ్లు కొరికి, నిచ్చెన పెట్టెలో కాగితం వేసి, పెట్టె మీద ఒక్క తట్టు తట్టి బయటికి వచ్చింది. వేలు ఎత్తి, బడి ఎదుట బొజ్జన్న వేయించిన పందిరి ముందర నుంచే నడిచింది. మిగతా ఆడవాళ్ళూ ఒక్కొక్కరే తెర వెనక్కి పోయి వస్తున్నారు. ఒక్కొక్కరి ముఖంలో ఏదో తృప్తి. మన పని అయిపోయింది అనుకుంది.

మధ్యాహ్నం దాటాక, సాయంత్రం ప్రార్థనకు ఊడ్చుదామని ఆమె గుడి తలుపు తీసింది. బల్ల మీద బుట్ట నిండుగా ఉంది. కరువుకాలంలో ఎవరి చేను పండింది చెప్మా అని దగ్గరికి పోయింది. జొన్నలు కాదు. గులాబీరంగు కాగితాలు. మడతలు పెట్టి కొన్ని, దారం కట్టి కొన్ని, ఒకదాని మీద చిటికెడు కొర్రలు, ఇంకొకదాని మీద బంతిపువ్వు. గాలికి పోకుండా పైన చిన్న నాపరాయి. ఆమెకు చదువు రాదు. అయినా పొద్దున తన చేత్తో పెట్టెలో వేసిన కాగితం ఎట్లుంటుందో మరిచేంత కాలం కాలేదు.

వెనక గజ్జెల చప్పుడైంది. ఒక కోడలుపిల్ల కొంగుముడి విప్పుకుంటూ లోపలికొచ్చింది. ఆ కొంగులోనూ అదే కాగితం.

"ఏందిమే అది?"

"ఓటు గదత్తా. తొలిది. అయ్యగారే చెప్పె."

"పెట్టెలో ఎందుకు ఎయ్యల్యా?"

ఆ పిల్ల కండ్లు పెద్దవి చేసింది. "తొలిది పెట్టెలో ఎట్ల ఏస్తారత్తా? ఆ పెట్టెలు ఎవురెవురివో ఏమో, గుర్రాలూ గాడిదలూ. ఈడ పెడితే ఎవురికి చేర్చాలో దేవుడే చేరుస్తాడు. అయ్యగారికే గదా చేర్చేది! అందరమూ అట్లే అనుకున్న్యాం." అని, కాస్త ఆగి, "నువ్వు యాడ ఏస్తివి?" అంది.

"పెట్టెలో."

తొలిపంట ఇంట్లో వండుకుని తిన్నదాన్ని చూసినట్టు చూసింది ఆ పిల్ల.

సుంకులమ్మ  బుట్ట ఎత్తి, పాతగుడ్డ కప్పి, నెత్తిన పెట్టుకుని బయటపడింది. పొద్దు పడమటికి వాలింది. పొద్దు గూకితే పెట్టెలు మూస్తారు. ఎర్రటి బండదారి, కాళ్ళకు చెప్పుల్లేవు, నోట్లో తడి లేదు. ఆ బుట్టలో బరువేమీ లేదు, కాగితాలే. అయినా నెత్తిన నీళ్ళకడవ మోస్తున్నట్టే మెడ నరాలు లాగాయి. తొణికితే పోయేది గుంతే.

బడి ముందు బొజ్జన్న పందిరి కింద కుర్చీలో మజ్జిగ తాగుతున్నాడు.

"ఏమ్మా సుంకులమ్మా, బుట్టలో ఏంది? పాదిరికి సంగటా?"

"ఆ, సంగటే. నీ గొంతుకు అడ్డం పడే సంగటి."

సుందరం, దాసన్న బడి గోడ వెనక నీడలో ఉన్నారు. ఆమె బుట్ట దించి గుడ్డ తీసింది. కోడలుపిల్ల మాటలు ఉన్నవి ఉన్నట్టు చెప్పింది. సుందరం బుట్టలో చెయ్యి పెట్టాడు. కాగితాలు వేళ్ళ మధ్య గలగలమన్నాయి. బంతిపువ్వు తీసి అరచేతిలో పెట్టుకున్నాడు.

"నేనే చెప్పినా," అన్నాడు. "తొలి ఓటు అన్న్యా. శుద్ధంగా అన్న్యా. నేనే."

దాసన్న గోడ చివరికి పోయి చూసి గబగబా వచ్చాడు. "ఏడ్చేదానికి పొద్దు లేదు అయ్యగారూ. మన మగోళ్ళు ఇంగా వరసలో ఉండారు. ఒక్కొక్కరు గుప్పెడు గుప్పెడు నడుములో చెక్కోని లోపలికి పోతే, తెర వెనక ఎవురు చూస్తారు? మనోళ్ళ ఓట్లే గదా, మన నిచ్చెనలోనే ఏస్తాం. దీంట్లో పాపమేముండాది?"

"ఏమీ లేదు," అంది సుంకులమ్మ. "ఇవి ఎవురింట్లోనూ దొంగిలించినవి గావు. నేను పేరు పేరునా రాయించిన ఓట్లు. లెయ్యి నాయనా, పొద్దు పోతాంది."

సుందరం లేవలేదు. బుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పందిరి కింద నుంచి బొజ్జన్న మనిషి ఒకడు గోడ దాకా వచ్చి తొంగి చూసి పోయాడు. వరస తరుగుతోంది. దాసన్న చేతులు నలుపుకుంటున్నాడు.

"వీటిలో యాదేది ఎవురికి ఎయ్యాలనుకున్నారో నీకు తెలుసా అత్తా?"

"నీకు గాక గుర్రానికి ఏస్తారా మన ఆడోళ్ళు?"

"ఏమో. నీకు తెల్వదు, నాకు తెల్వదు. తెలుసుకోగూడదనే గదా తెర కట్టింది." బంతిపువ్వు మళ్ళీ బుట్టలో పెట్టాడు. "గుంత నీదైతే పూడ్చు అని బొజ్జన్న ముఖం మీద అంటి. వాడు పూడ్చలేక పాయ. ఈ కాగితాలు చాటుగా ఏసి నేను ఢిల్లీకి పోతే, నా కింద పడిన గుంతను నేను యాడ పూడ్చేది?"

"మాటలు! మాటలతోనే సంఘాన్ని ముంచినావు, ఇప్పుడు మాటలతోనే..." అని దాసన్న సగంలో ఆగిపోయాడు.

సుందరం లేచాడు. బుట్ట మీద గుడ్డ కప్పలేదు. అందరూ చూస్తుండగా పందిరి ముందరి నుంచే నడిచి బడి గుమ్మం దగ్గర నిలబడి అధికారిని పిలిచాడు. కడప నుంచి వచ్చిన కుర్రాఫీసరు అతను. బుట్టలోకి చూసి కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"బయటికొచ్చిన ఓటు లెక్కకు రాదండీ."

"వాళ్ళనే పిలిపిస్తే? ఎవురి కాగితం వాళ్ళు..."

"వేళ్ళకు సిరా పడింది గదండీ. ఓటు వేసినట్టే లెక్క." అతనికీ బాధగానే ఉంది. "ఇవి కట్టగట్టి సీలు వేసి పంపడం తప్ప నేనేం చెయ్యలేను."

బొజ్జన్న పొట్ట పట్టుకుని నవ్వాడు. కుర్చీ కిర్రుమంది. "ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందంట! దేవునికి ఓట్లేసినారంటప్పా! యాడన్నా విన్న్యామా?" నవ్వి నవ్వి కండ్లు తుడుచుకుని, బుట్ట ఖాళీ అవుతుంటే చూసి, కాస్త గొంతు తగ్గించి అన్నాడు. "పాదిరీ, నేనైతే ఏసుకునేటోణ్ణి."

"తెలుసప్పా," అన్నాడు సుందరం. "అందుకే గుంత నీది గాదు."

సుంకులమ్మ ఖాళీబుట్ట బోర్లించి నెత్తిన పెట్టుకుని నడిచింది. ఆయనతో మాట్లాడలేదు. గుడిసెకు పోయి విశ్వాసమ్మతో మాత్రం, "నీ మొగుడు దేవదూతమ్మా. దేవదూతలకు దప్పిక కాదు. మనకైతాది," అంది.

లెక్కలైనాయి. సుందరం ఓడిపోయాడు. తేడా ఎంతంటే, ఒక పెద్ద ఊరు లేచివచ్చి వేస్తే పూడిపోయేంత. ఆనాడు చివరి మాటలు విన్న బోధకులు తమ తమ పాళేల్లోనూ అవే మాటలు చెప్పారని, అక్కడి గుళ్ళలోనూ అవే బుట్టలు నిండాయని తర్వాత మెల్లమెల్లగా తెలిసింది. ఎన్ని బుట్టలో ఎవరూ అడగలేదు. అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

రెంటికీ చెడ్డ రేవడిలా అంగీ లేదు, సీటు లేదు. మూడోనాటికల్లా తుమ్మకంప గుంత చుట్టూ పడింది. ఆడవాళ్ళు కడవలెత్తుకుని రైలింజను నీళ్ళకోసం స్టేషను దాకా పోవలసి వచ్చింది. ఒక్కోసారి పోర్టరు దయ, ఒక్కోసారి పోర్టరు తిట్లు. సంతలో పాళెం ఆడవాళ్ళు కనబడితే చాలు, "అమ్మా, దేవుడు గెలిచినాడా?" అని అడిగేవాళ్ళు. ఇంట్లో మగవాళ్ళు, "దప్పికైతే మీ తొలిపంట తాగండి," అనేవాళ్ళు. ఆదివారం గుడికి ఆడవాళ్ళు రావడం మానేశారు. ఇక జన్మలో ఆ కాగితం ముట్టమని కొందరు బిడ్డల మీద ఒట్టు పెట్టుకున్నారు.

సుంకులమ్మ వాళ్ళను ఊరడించిందా? ఆమె నోటికి అంతకన్నా మంచి మేత ఎప్పుడు దొరికింది? స్టేషను దారి పొడుగునా అదే పాట. "దేవునికి ఓటు కావల్నంటమే! ఆయన యా సీటుకు నిలబడినాడు? ఆయన గుర్తేంది, సొరకాయా?" ఆ మాటకు మొదట్లో ఒకరిద్దరు నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. ఆ గుళ్ళో ఎదురుపడ్డ కోడలుపిల్ల, ఆమె కనబడితే దారి తప్పించి కంపల్లోంచి పోయేది. సుంకులమ్మ అదీ చూసింది. చూసి, ఇంకా గట్టిగా అంది.

ఐదేండ్ల తర్వాత సుందరం అదే నిచ్చెన మీద ఢిల్లీకి పోవడం, ఇడిసిన గనుల గురించి అక్కడ నోరు తెరవడం ఆ జిల్లాల్లో అందరూ ఎరిగిందే. అక్కడ ఆయన మాట్లాడిన మొదటి మాట కూడా గుంత నీదైతే పూడ్చు అన్నదేనని చెప్పుకుంటారు. ఆ గెలుపు ఎట్లా వచ్చిందంటే జెండాలూ సభలూ చెబుతారు. ఎవరూ చెప్పనిది ఒకటుంది. అది ఓడిన నెలలోనే, ఒక మిట్టమధ్యాహ్నం, గని అంచున జరిగింది.

సుందరం తన తండ్రి గడారు తీసుకుని బొజ్జన్నది కాని ఇంకొక గనిలో కూలికి పోతున్నాడు. సుంకులమ్మ ఆయనకు సంగటి తీసుకుపోయింది. ఓట్లరోజు నుంచి ఆయనతో అవసరానికి మించి మాట్లాడలేదు. తట్ట దించి పక్కకు తిరిగి కూర్చుంది. ఆయన బండపొర సందులో గడారు దించి, చెవి ఆనించి విని, మెల్లగా నొక్కాడు. బండ ఎక్కడా చిట్లకుండా, రొట్టె పెనం మీంచి లేచినట్టు లేచింది.

"సూస్తివా అత్తా? గట్టిగా కొడితే పగుల్తాది. సందు దొరికేదాంక ఆగాల."

"బండల పాఠం నాకెందుకు? నా మొగుడు ఈడే సచ్చినాడు."

ఆయన చేతులు కడుక్కున్నాడు. నీళ్ళు వృథా పోకుండా, ఆ చేతుల నీళ్ళు పక్కన తంగేడు మొదట్లో పడేట్టు కడుక్కున్నాడు. సంగటి ముద్ద ముట్టకుండా, "నీతో ఒక పనుండాది," అన్నాడు.

"చెప్పు. ఢిల్లీకి పోవల్నా? పోతా."

"అంత దూరం ల్యా. పాళెంలోనే. ఇంటింటికీ పోవాల."

"దేనికి?"

"ఐదేండ్లకు మళ్ళీ ఓటొస్తాది. మన ఆడోళ్ళు ముట్టమంటాండారు. నేను పోయి చెప్తే తల వంచుకుంటారు, వినరు. తప్పు చెప్పినోణ్ణి నేనే గదా. దాసన్న చెప్తే ఏడుస్తారు. నువ్వు చెప్తేనే వింటారు. తిట్టించుకోని గూడా నీ మాట కోసరం చూస్తాండారు వాళ్ళు."

సుంకులమ్మ కొంగు సర్దుకుంది. ఆ మాట ఆమెకు నచ్చింది, కానీ నచ్చినట్టు కనపడకూడదు. "ఏమని చెప్పాల? దేవునికి మీ ఓటు అక్కర లేదు, తెలివితక్కువ ముండల్లారా అనా?"

"కాదు. తొలిపంట దేవునికి చేరింది అని చెప్పు. ఆయన తీసుకున్నాడు, వెనక్కి ఇయ్యల్యా. ఇచ్చినోళ్ళు తలెత్తుకోని తిరగండి అని చెప్పు. తొలిపంట ఆయనది, మలిపంట మనది. ఈసారిది పెట్టెలో ఎయ్యండి అని చెప్పు. యా పెట్టెలో అని నువ్వు గూడా చెప్పాకు."

"నిచ్చెన అని గూడా అనగూడదా?"

"అనగూడదు."

సుంకులమ్మ గనిలోకి చూసింది. కింద, లేపిన బండ కింద, కొత్తగా తడి కనబడుతోంది.

"మొదట ఎవురింటికి పోవాల?"

"గుళ్ళో కొంగుముడి ఇప్పిన పిల్ల ఇంటికి."

"ఆ పిల్ల నన్ను చూస్తే కంపల్లో పడి పోతాంది!"

"అందుకే," అన్నాడు సుందరం. సంగటిముద్ద చేతికి తీసుకుని, ఆమె కళ్ళలోకి చూశాడు. బాప్తిస్మంనాడు నీళ్ళలో నిలబడి నవ్వినట్టు నవ్వలేదు. "ఇంగొక్కటి అత్తా. ఇది అన్నిటికన్నా కష్టం. ఇంటింటికీ పోయి వచ్చేదాంక ఒక్కర్ని గూడా తిట్టగూడదు."

"ఒక్కర్ని గూడానా?"

"ఒక్కర్ని గూడా."